బూడిద పడ్డ పడవ: ఇరవై ముగ్గురు జాలర్ల జబ్బు ఎక్కడిది?

రేడియేషన్ జబ్బు గురించి చెప్పేటప్పుడు వైద్య పుస్తకాల్లో ముందుగా ఎముక మజ్జ, పేగులు, చర్మం వస్తాయి. కాలేయం మాట ఎక్కడో చివర్లో, అదీ క్లుప్తంగా ఉంటుంది. 1954లో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. ఆ పడవ సిబ్బంది ఆరోగ్య చరిత్ర మాత్రం ఈ వరసకు లొంగదు. పడవలో ఉన్నది 23 మంది. వాళ్లలో తొలి మరణం ఏడో నెలలో, కాలేయం చెడిపోయి జరిగింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు వాళ్లను పరీక్షిస్తూ వచ్చిన జపాన్ రేడియేషన్ వైద్య సంస్థ 2003 వరకు 12 మరణాలు లెక్కగట్టింది. అందులో ఆరు కాలేయ క్యాన్సర్లు, రెండు సిరోసిస్ (కాలేయం గట్టిపడి పాడయ్యే జబ్బు), ఒకటి కాలేయం పీచుబారే జబ్బు. మిగతా మూడింటిలో ఒకటి పెద్దపేగు క్యాన్సర్, ఒకటి గుండె వైఫల్యం, ఒకటి రోడ్డు ప్రమాదం. పన్నెండింటిలో తొమ్మిది కాలేయం ఖాతాలోకే వెళ్లాయి.

ఎందుకిలా జరిగిందన్న ప్రశ్న మీద రెండు దేశాలు వాదులాడుకున్నాయి. రేడియేషన్ వల్లే అని జపాన్ డాక్టర్లు, ఎక్కించిన రక్తం వల్లే అని అమెరికా. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అన్నట్టు సాగిన ఈ గొడవలో అసలు వైద్య విషయం చాలాకాలం మరుగున పడింది. దాన్ని విప్పాలంటే పడవ నుంచే మొదలుపెట్టాలి.

పడవ పేరు దైగో ఫుకుర్యు మారు. ప్రపంచానికి లక్కీ డ్రాగన్‌గా పరిచయం. 140 టన్నుల చెక్క పడవ. పొడవాటి తాళ్లకు గాలాలు కట్టి ట్యూనా చేపలు పట్టడం దాని పని. 1954 జనవరి 22న షిజువోకా రాష్ట్రంలోని యైజు రేవు నుంచి బయల్దేరింది. మార్చి 1 తెల్లవారుజామున మార్షల్ దీవుల్లోని బికినీ పగడపు దిబ్బకు తూర్పున ఉంది. ఎంత దూరం అన్నదానికి 130 నుంచి 160 కిలోమీటర్ల మధ్య లెక్కలున్నాయి. అమెరికా ముందుగా ప్రకటించిన ప్రమాద ప్రాంతానికి మాత్రం అది బయటే ఉంది.

ఆ ఉదయం బికినీలో పేల్చిన బాంబుకు బ్రావో అని పేరు పెట్టారు. దాని శక్తి సుమారు 6 మెగాటన్నులు ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. వచ్చింది 15 మెగాటన్నులు, అంటే హిరోషిమా బాంబుకు దాదాపు వెయ్యి రెట్లు. ఇంధనంలోని లిథియం-7 ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుందనుకున్నారు. అది కూడా చర్యలో పాల్గొంది. పైగా బాంబును గాల్లో కాకుండా పగడపు దిబ్బ మీదే పెట్టి పేల్చారు. సుమారు రెండు కిలోమీటర్ల వెడల్పు గొయ్యి పడింది. ఆ గొయ్యిలో ఉండాల్సిన పగడమంతా పొడై, బాంబు ముక్కలతో కలిసి ఆకాశానికి లేచింది. పైగాలులు దాన్ని తూర్పుకు తోశాయి.

పడవలోని వాళ్లకు పడమట పెద్ద వెలుగు కనిపించింది. కొన్ని నిమిషాల తర్వాత చప్పుడు వినిపించింది. రెండు మూడు గంటలు గడిచాక ఆకాశం నుంచి తెల్లటి పొడి రాలడం మొదలైంది. అది గంటల తరబడి రాలుతూనే ఉంది. డెక్కు మీద అడుగుల గుర్తులు పడేంతగా పేరుకుంది. సిబ్బందిలో ఒకరైన ఓయిషి మతాషిచి తర్వాత చెప్పిన దాని ప్రకారం ఆ పొడికి వాసనా లేదు, వేడీ లేదు. నోట్లో వేసుకుని చూశాడు, ఇసుకలా కరకరలాడింది. వెంటనే పారిపోవాలని ఎవరైనా అనుకున్నా అప్పటికప్పుడు కదిలే వీల్లేదు. సముద్రంలో కిలోమీటర్ల కొద్దీ పరిచిన గాలాల తాళ్లు వెనక్కి లాగాలి. అదే వాళ్ల బతుకుదెరువు. ఆ బూడిద వానలోనే నిలబడి, ఉత్త చేతులతో తడి తాళ్లు లాగుతూ గంటల పాటు పనిచేశారు.

బూడిద అంటున్నాం గానీ రసాయనికంగా అది సున్నమే. మన పల్లెల్లో గుల్లల్ని బట్టీలో కాల్చి సున్నం చేస్తే ఏ చర్య జరుగుతుందో, బికినీ పగడానికి బాంబు వేడిలో అదే జరిగింది. తేడా ఏమిటంటే ఈ సున్నపు రేణువులకు యురేనియం చీలగా పుట్టిన వందల రకాల రేడియోధార్మిక పరమాణువులు అంటుకుని ఉన్నాయి. ఈ సున్నం సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత వాషింగ్టన్‌లో దీన్నే సాకుగా వాడారు.

హిరోషిమాలో జనానికి తగిలిన రేడియేషన్‌లో ఎక్కువ భాగం పేలిన క్షణాల్లోనే వచ్చి పోయింది. ఈ పడవలో అలా కాదు. 23 మందీ ఆ రోజు నుంచి మార్చి 14న యైజు చేరేదాకా ఆ బూడిదతో కలిసి కాపురం చేశారు. డెక్కు కడిగారు, నిజమే. కానీ చెక్క పగుళ్లలో, తాళ్ల పోగుల్లో, పడక గదుల్లో, జుట్టులో, గోళ్ల సందుల్లో రేణువులు మిగిలాయి. ఆ బట్టలే వేసుకున్నారు, ఆ డెక్కు మీదే తిన్నారు, ఆ చేపలే వండుకున్నారు. పొలంలోనో ఊళ్లోనో ఇలాంటిది జరిగితే అక్కడి నుంచి లేచి పోవచ్చు. సముద్రం మధ్య పడవే ఇల్లు, ఆ ఇంటికే అంటుకుంది.

బాంబు బూడిద శక్తి మొదట్లో చాలా వేగంగా తగ్గుతుంది. కాలం ఏడు రెట్లయిన ప్రతిసారీ రేడియేషన్ వేగం పదో వంతుకు పడిపోతుందన్నది ఉజ్జాయింపు లెక్క. పేలిన గంటకు వెయ్యి పాళ్లు ఉందనుకుంటే ఏడు గంటలకు వంద, రెండు రోజులకు పది, రెండు వారాలకు ఒక్క పాలు మిగులుతుంది. ఈ లెక్క వైద్యానికి రెండు రకాలుగా పనికొస్తుంది. మొదటిది, నావికులకు తగిలిన మొత్తంలో పెద్ద వాటా తొలి రోజే తగిలింది, అంటే తాళ్లు లాగుతున్న ఆ గంటల్లోనే. రెండోది, రేడియేషన్‌ను కొలిచే గీగర్ కౌంటర్లు పట్టుకుని శాస్త్రవేత్తలు యైజు రేవుకు వచ్చేసరికి సాక్ష్యం, పేలిన గంటకు ఉన్నదానిలో వెయ్యో వంతుకు అరిగిపోయింది. అయినా కౌంటర్ల ముళ్లు గిర్రున తిరిగాయంటే మొదటి రోజు ఏ స్థాయిలో ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

బయటి నుంచి శరీరమంతా తగిలిన గామా రేడియేషన్‌ను తర్వాత వెనక్కి లెక్కగట్టారు. పడవలో ఎవరు ఎక్కడ పడుకున్నారు, డెక్కు మీద ఎంతసేపు పనిచేశారు అన్న వివరాలు సేకరించి మనిషి మనిషికీ విడిగా అంచనా వేశారు. అది సుమారు 1.7 నుంచి 6 గ్రే వరకు వచ్చింది (ఒంటికి తగిలిన రేడియేషన్ మోతాదుకు కొలత గ్రే). వైద్యం అందకపోతే ఒక్కసారిగా 4 గ్రే తగిలినవాళ్లలో సగం మంది రెండు నెలల్లోపు చనిపోతారని సాధారణ లెక్క. ఆ ప్రకారం వీళ్లలో కొందరు మే నెల దాటకూడదు. కానీ మే నెలలో ఒక్కరు కూడా చనిపోలేదు. అదే మోతాదు కొద్దికొద్దిగా, రోజుల మీద పడితే దెబ్బతిన్న కణాలు మధ్యలో కొంత మరమ్మతు చేసుకుంటాయి. పడవలో ఇరుక్కుని ఎక్కువ రేడియేషన్ తిన్నారన్నది ఎంత నిజమో, అది రోజులకు పరుచుకోవడం వల్ల బతికారన్నదీ అంతే నిజం.

లక్షణాలు ఆ సాయంత్రమే మొదలయ్యాయి. తిండి సహించలేదు. వికారం, వాంతులు, తలనొప్పి, నీరసం. కళ్లు ఎర్రబడి మంట పుట్టాయి. అలసటనీ సముద్రపు ఎండనీ నిందించుకుని సరిపెట్టుకున్నారు. కొద్ది రోజులకు ముఖాలు నల్లబడ్డాయి. చేతులు, మణికట్లు, మెడ, నడుము దగ్గర బొబ్బలు లేచాయి. వారం పది రోజులకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి చేతికొచ్చింది.

బొబ్బలు ఎక్కడెక్కడ వచ్చాయో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. బూడిదలోని పరమాణువులు గామాతో పాటు బీటా కణాల్ని కూడా విసురుతాయి. బీటా కణాలు ఒంట్లోకి కొన్ని మిల్లీమీటర్ల కంటే లోతుకు పోలేవు. అందుకే లోపలి అవయవాలను వదిలేసి, రేణువు ఎక్కడ అతుక్కుంటే అక్కడి చర్మాన్ని మాత్రం కాలుస్తాయి. చెమట, బట్ట కలిసి రేణువుల్ని పట్టి ఉంచే చోటల్లా దెబ్బ తగిలింది. బెల్టు బిగించిన నడుము చుట్టూ గీత గీసినట్టు పుండ్లు పడ్డాయి. తాళ్లు పట్టిన వేళ్లు వాచిపోయాయి. తలకు టోపీ ఉన్నవాళ్ల జుట్టు చాలావరకు నిలిచింది, లేనివాళ్లది ఊడింది. ఒక మామూలు గుడ్డ టోపీ గామాను ఏమీ ఆపలేదు, కానీ బూడిద తల మీద కూర్చోకుండా ఆపింది.

ఇక వాషింగ్టన్ వాదనకు వద్దాం. మార్చి 31న అమెరికా అణుశక్తి కమిషన్ చైర్మన్ లూయీ స్ట్రాస్ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పక్కనుండగా విలేకరులతో మాట్లాడుతూ నావికుల చర్మం మీది గాయాలు రేడియోధార్మికత వల్ల కాకుండా కాలిన పగడపు రసాయన గుణం వల్ల వచ్చి ఉంటాయన్నారు. పడవ ప్రమాద ప్రాంతం లోపలే ఉండి ఉండాలని కూడా అన్నారు. సున్నం ఒంటికి తగిలితే మండుతుంది, ఎవరూ కాదనరు. కానీ సున్నం తగిలిన మంట నిమిషాల్లో, గంటల్లో తెలుస్తుంది. ఇక్కడ గాయాలు రోజులు ఆగి ముదిరాయి. చర్మం అడుగు పొరలో కొత్త కణాలు పుట్టడం ఆగిపోయి, పైపొర అరిగిపోయేదాకా ఆ దెబ్బ బయటపడదు. రేడియేషన్ గాయానికి గుర్తే ఈ ఆలస్యం. పైగా సున్నం వల్ల జుట్టు కుదుళ్లతో సహా పది రోజులకు ఊడదు, తెల్ల రక్తకణాలు నెల తర్వాత సగానికి పడిపోవు. ఒక వైద్య విద్యార్థి కూడా కొట్టిపారేయగల మాట అది. అయినా అంత పెద్ద పదవి నుంచి వచ్చింది కాబట్టి పత్రికల్లో నిలబడింది.

రక్తం కథ నెమ్మదిగా బయటపడింది. ఎముక మజ్జ రోజూ కోట్లాది కణాలు తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. మజ్జకు దెబ్బ తగిలినా అప్పటికే రక్తంలో ఉన్న కణాలు కొంతకాలం పని నడిపిస్తాయి కాబట్టి మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. యైజులో పడవ దిగినప్పుడు చాలామంది సొంత కాళ్ల మీదే నడిచి ఇళ్లకు వెళ్లారు. అసలు పతనం ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది. మామూలుగా క్యూబిక్ మిల్లీమీటరుకు 5,000 నుంచి 10,000 వరకు ఉండాల్సిన తెల్లకణాలు కొందరిలో 2,000 కంటే కిందికి పోయాయి. ప్లేట్‌లెట్లు తగ్గాయి. ఎముకలోంచి తీసిన మజ్జలో కణాలు పలచబడి కనిపించాయి. ఇలాంటి దశలో చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా ప్రాణం పోవచ్చు. ఆ కాలానికి కొత్తగా చేతికొచ్చిన యాంటీబయాటిక్స్ ఇచ్చారు, మంచం దిగనివ్వలేదు, రక్తం, ప్లాస్మా ఎక్కించారు. మజ్జ మెల్లగా కోలుకుంది.

ఈ వైద్యమంతా జరిగిన పరిస్థితి గురించి కూడా చెప్పుకోవాలి. యైజులోని ఆసుపత్రిలో డాక్టరు అనుమానపడి, బాగా దెబ్బతిన్న ఇద్దరిని టోక్యో పంపారు. మార్చి 16న యోమియురి పత్రిక వార్త వేసింది. నెలాఖరుకు అందర్నీ టోక్యో తరలించి, ఏడుగురిని టోక్యో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, పదహారు మందిని జాతీయ ఆసుపత్రిలో చేర్చారు. డాక్టర్లు అమెరికాను అడిగింది ఒక్కటే: బూడిదలో ఏమేమి ఉన్నాయి? స్ట్రాన్షియం ఉంటే ఎముకలో చేరుతుంది, అయోడిన్ ఉంటే థైరాయిడ్‌లో చేరుతుంది, ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త. జవాబు రాలేదు. కారణం దాపరికమే. బూడిదలో ఏముందో చెబితే బాంబు ఎలా కట్టారో చెప్పినట్టే.

ఆ జవాబును జపాన్ రసాయన శాస్త్రవేత్తలే వెతుక్కున్నారు. టోక్యో వచ్చినవాళ్లు వెంట కొంచెం బూడిద పొట్లం కట్టుకొచ్చారు. టోక్యో విశ్వవిద్యాలయంలో కిమురా కెంజిరో బృందం దాన్ని మూలకం మూలకంగా విడదీసింది. జిర్కోనియం, స్ట్రాన్షియం, అయోడిన్, సీరియం వంటి వాటితో పాటు యురేనియం-237 దొరికింది. విచిత్రమేమిటంటే ఈ రకం యురేనియంను 1940లో నిషినా యోషియోతో కలిసి మొదట గుర్తించినవాళ్లలో కిమురా కూడా ఉన్నాడు. మామూలు యురేనియంను అతివేగపు న్యూట్రాన్లు కొడితే అది పుడుతుంది. అంటే బాంబు చుట్టూ మామూలు యురేనియం తొడుగు ఉందని, శక్తిలో, విషంలో పెద్ద వాటా దాని నుంచే వచ్చిందని తేలింది. ఒసాకాలో ట్యూనా చేపల్ని పరీక్షించిన నిషివాకి యాసుషి ద్వారా ఈ సమాచారం బ్రిటన్‌లోని భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ రాట్‌బ్లాట్‌కు చేరింది. అతనూ అదే నిర్ణయానికి వచ్చాడు. రోగుల కోసం మొదలైన పరీక్ష అగ్రరాజ్యం రహస్యాన్ని బయటపెట్టింది. అణు పరీక్షలు కనీసం తాత్కాలికంగా ఆపాలని జవహర్‌లాల్ నెహ్రూ లోక్‌సభలో కోరింది కూడా ఈ గందరగోళం మధ్యే, ఏప్రిల్ 2న.

అమెరికా డాక్టర్లు వచ్చి పరీక్షిస్తామన్నా నావికులు, జపాన్ డాక్టర్లు పెద్దగా ఒప్పుకోలేదు. హిరోషిమాలో అమెరికా పెట్టిన పరిశోధన సంస్థ బాధితుల్ని పరీక్షించడమే తప్ప వైద్యం చేయదన్న కోపం జపాన్‌లో అప్పటికే గట్టిగా ఉంది. ఇక్కడ ఎవరి తప్పెంత అని తూచడం కంటే, నమ్మకం పోవడం కూడా వైద్యానికి అడ్డమేనని గమనిస్తే చాలు.

జూన్ నుంచి కొత్త సమస్య వచ్చింది. ఒకరి తర్వాత ఒకరికి కామెర్లు. సిబ్బందిలో ఎక్కువ మందికి వచ్చాయి. రేడియో ఆపరేటర్ కుబోయామా ఐకిచి పరిస్థితి ఆగస్టు చివరికి విషమించింది. స్పృహ తప్పింది. సెప్టెంబర్ 23న నలభై ఏళ్ల వయసులో చనిపోయాడు. రేడియేషన్ జబ్బు వల్లే మరణమని జపాన్ డాక్టర్లు ప్రకటించారు. రక్తం ద్వారా వచ్చిన హెపటైటిస్ వల్ల అని అమెరికా వైపు నుంచి మాట వచ్చింది.

ఇప్పుడు వెనక్కి చూస్తే అమెరికా వైపు చెప్పినదాంట్లో నిజం పాలు చాలానే ఉంది. 1950ల జపాన్‌లో ఆసుపత్రులకు రక్తం ప్రధానంగా డబ్బుకు అమ్మేవాళ్ల నుంచి వచ్చేది. పేదవాళ్లు, మళ్లీ మళ్లీ అమ్మినవాళ్లు. రక్తంలో హెపటైటిస్ వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష అప్పటికి ప్రపంచంలోనే లేదు. హెపటైటిస్ బి ఆనవాలు 1960ల్లో దొరికింది, హెపటైటిస్ సి వైరస్‌ను 1989లో గుర్తించారు. తర్వాత నావికుల రక్తం పరీక్షిస్తే చాలామందిలో హెపటైటిస్ సి సోకిన గుర్తులు కనిపించాయి. హెపటైటిస్ సి పని చేసే తీరు కూడా వీళ్ల జీవితాలకు అతికినట్టు సరిపోతుంది. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండి, కాలేయాన్ని పీచుబార్చి, సిరోసిస్ చేసి, ఇరవై ముప్ఫై ఏళ్లకు క్యాన్సర్‌గా బయటపడుతుంది. ఓయిషికి కాలేయ క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది 1993లో.

రక్తం అమ్మకాల మీద జపాన్ గట్టిగా మేల్కొన్నది 1964లో. ఆ ఏడాది టోక్యోలో కత్తిపోటుకు గురైన ఒక ప్రముఖుడికి రక్తం ఎక్కించాక హెపటైటిస్ వచ్చింది. పెద్ద గొడవై, స్వచ్ఛంద రక్తదానం వైపు మళ్లాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ ప్రముఖుడు అమెరికా రాయబారి ఎడ్విన్ రైషావర్.

అయితే హెపటైటిస్ అని తేలినంత మాత్రాన రేడియేషన్ నిర్దోషి అయిపోదు. ఆరోగ్యంగా ఉన్న ఇరవై, ముప్ఫై ఏళ్ల జాలర్లకు రక్తం ఎక్కించాల్సిన అవసరం ఎందుకొచ్చింది? మజ్జ దెబ్బతింది కాబట్టి. మజ్జ ఎందుకు దెబ్బతింది? బూడిద వల్ల. వైరస్ లోపలికి వచ్చిన సమయానికి దాన్ని ఎదుర్కోవాల్సిన తెల్లకణాలు అట్టడుగున ఉన్నాయి. బూడిద, రక్తం, వైరస్ ఒకే గొలుసు. రోడ్డు ప్రమాదంలో కాలు విరిగిన మనిషి ఆసుపత్రిలో సోకిన ఇన్ఫెక్షన్‌తో చనిపోతే ప్రమాదం చేసిన బండివాడు తప్పించుకోలేడు. 1955 జనవరి 4న అమెరికా మాత్రం అలాగే తప్పించుకుంది. తమకు చట్టపరమైన బాధ్యత ఏదీ లేదంటూ 20 లక్షల డాలర్లు ఇచ్చింది, జపాన్ ప్రభుత్వం ఫైలు మూసేసింది. అందులో ఎక్కువ భాగం చేపల పరిశ్రమ నష్టాలకు పోయింది. మరణ కారణం గురించి సాగిన వాదనలో వైద్యం ఎంత, బేరం ఎంత అన్నది ‘బాధ్యత లేదు’ అన్న ఆ మాటలోనే తెలిసిపోతుంది.

థైరాయిడ్ విషయంలో నావికులు కొంత అదృష్టవంతులు. పీల్చిన, మింగిన రేడియో అయోడిన్ వల్ల వాళ్ల థైరాయిడ్‌కు లోపలి నుంచి సుమారు 0.2 నుంచి 1.2 గ్రే తగిలిందని అంచనా. అదే బూడిద పడిన, మార్షల్ దీవుల్లోని రోంగెలాప్ దీవి ప్రజలతో పోలిస్తే ఇది తక్కువ. వాళ్లను రెండు రోజులు దాటాక గానీ తరలించలేదు. అప్పటిదాకా బూడిద కలిసిన నీళ్లే తాగారు, బూడిద పడిన తిండే తిన్నారు. పిల్లల థైరాయిడ్ చిన్నది కాబట్టి అదే అయోడిన్ అక్కడ ఎన్నో రెట్ల మోతాదు అవుతుంది. 1963 నుంచి వాళ్లలో గడ్డలు కనిపించసాగాయి. పదేళ్లలోపు వయసులో బూడిద బారిన పడిన పిల్లల్లో అత్యధికులకు థైరాయిడ్ జబ్బు వచ్చింది. నావికుల్లో ఆ పరిస్థితి రాలేదు. అందరూ పెద్దవాళ్లు, పద్దెనిమిది దాటినవాళ్లు. పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది: బూడిద ఒకటే, కానీ రక్తం ఎక్కించిన చోట కాలేయం, ఎక్కించని చోట థైరాయిడ్ ప్రధాన జబ్బులయ్యాయి.

వీర్యకణాల సంఖ్య రెండు మూడు నెలలకు బాగా పడిపోయింది. కొందరిలో దాదాపు లేకుండా పోయింది. ఒకటి రెండేళ్లలో తిరిగి వచ్చింది, తర్వాత చాలామందికి ఆరోగ్యంగానే పిల్లలు పుట్టారు. కానీ పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఎదుటివాళ్లు అడిగేది వీర్యకణాల లెక్క కాదు. ఓయిషి ఊరు వదిలి టోక్యోలో లాండ్రీ పెట్టుకుని ఏళ్ల తరబడి గతం దాచుకున్నాడు. మొదటి బిడ్డ చనిపోయి పుట్టింది. దానికి రేడియేషన్ కారణమని ఒక్క కేసు నుంచి తేల్చడం సాధ్యం కాదు, కాదని తేల్చడమూ సాధ్యం కాదు. ఆ టెన్షన్ జీవితాంతం అతనితోనే ఉంది. నష్టపరిహారం అందిందని తెలిసి ఊళ్లో కొందరు అసూయపడటం మరో బాధ. హిరోషిమా, నాగసాకి బాధితులకు చట్టం ఇచ్చిన వైద్య కార్డు కూడా వీళ్లకు దక్కలేదు.

క్యాన్సర్ల సంగతికొస్తే, 23 మంది మీద గణాంకాలు నడవవు. రోంగెలాప్ వాళ్లయినా వంద లోపే. కాలేయ క్యాన్సర్లలో రేడియేషన్ వాటా ఎంత, వైరస్ వాటా ఎంత అని విడదీసేంత సంఖ్య లేదు. తెల్లకణాల క్రోమోజోముల్లో మాత్రం విరిగి అతుక్కున్న ఆనవాళ్లు దశాబ్దాల తర్వాత కూడా కనిపించాయి. 1957లో చిబాలో ఏర్పడిన జాతీయ రేడియేషన్ వైద్య సంస్థ ఈ పరీక్షలు ఏటా చేస్తూ వచ్చింది. కొందరు నావికులు విసిగి మానేశారు, తమను చూసేది వైద్యం కోసమా, పరిశోధన కోసమా అన్న అనుమానంతో.

బ్రావో బూడిద అమెరికా సొంత ఓడల మీదా పడింది. బైరోకో, ఫిలిప్, ఎస్టెస్ వంటి నౌకాదళ ఓడల్లో అలారం మోగగానే సిబ్బందిని లోపలికి పంపి తలుపులు బిగించారు, డెక్కును నీళ్ల జల్లులతో కడిగారు. అక్కడా కొందరికి చర్మం కాలింది, కానీ లక్కీ డ్రాగన్ స్థాయి జబ్బు రాలేదు. రోంగెరిక్ దీవిలో వాతావరణ డ్యూటీలో ఉన్న 28 మంది అమెరికన్లకు పూర్తి బట్టలు వేసుకుని రేకుల భవనం లోపలే ఉండమని చెప్పారు. మర్నాడే విమానంలో తీసుకుపోయారు. వాళ్లకు తగిలింది సుమారు 0.8 గ్రే. రోంగెలాప్‌లో ఏమీ తెలియక ఆరుబయట ఉండిపోయినవాళ్లకు సుమారు 1.75 గ్రే. లోపల ఉండాలి, ఒళ్లు కడుక్కోవాలి, బట్టలు మార్చాలి, ఆ చేపలు తినకూడదు. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే జాలర్లకు తగిలే మోతాదు బాగా తగ్గేది. అమెరికా నౌకాదళం కంట పడితే ఏం చేస్తుందోనన్న భయంతో పడవ నుంచి ఈ సంగతి రేడియోలో కూడా చెప్పలేదు.

ఆ సముద్రంలో లక్కీ డ్రాగన్ ఒక్కటే లేదు. 1954 చివరిదాకా జపాన్ రేవుల్లో చేపల్ని గీగర్ కౌంటర్‌తో పరీక్షించి, 856 పడవల నుంచి 485 టన్నుల ట్యూనా పారబోశారు. చేపలకు అంత బూడిద అంటితే వాటిని పట్టినవాళ్ల మాటేమిటి? డిసెంబర్ ఆఖరున ఆ పరీక్షలు ఆపేశారు, సిబ్బందిని పెద్దగా ఎవరూ గమనించలేదు. ఇతర పడవల సిబ్బంది మీద జరిగిన కొన్ని పరీక్షల కాగితాలను ఆరోగ్య శాఖ బయటపెట్టింది 2014లో. అది చూసి కోచి రాష్ట్రానికి చెందిన మాజీ నావికులు, వాళ్ల కుటుంబాలు 2016లో ప్రభుత్వం మీద దావా వేశారు. జిల్లా కోర్టు 2018లో, పైకోర్టు 2019లో కొట్టేశాయి. లక్కీ డ్రాగన్ వాళ్ల దగ్గర కనీసం ఒక పొట్లం బూడిద, ఆసుపత్రి రికార్డులు, మనిషి మనిషికీ మోతాదు అంచనా ఉన్నాయి. మిగతా పడవల వాళ్లకు తెల్లకణాలు ఎప్పుడు పడిపోయాయో, అసలు పడిపోయాయో లేదో చూసినవాళ్లు లేరు. వాళ్లలో క్యాన్సర్ వచ్చినవాళ్లు తమ జబ్బుకు కారణం బికినీయేనని ఇప్పుడు నిరూపించాలంటే, అరవై ఏళ్లకు పైబడిన మోతాదును దంతాల నుంచి, క్రోమోజోముల నుంచి వెతుక్కోవాలి.